ప్రకృతి మార్గమున నానోపదార్థ నిర్మాణము: అణువుల గుర్తింపు, ఉత్ప్రేరణము

1. ఉపక్రమము

తెలుగు శాఖవారి పరిశోధన సంచికలో రసాయనశాస్త్ర విషయమునకు తావేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఒక భాష కావ్యరచనకు చాలినంత మాత్రమున విద్యాభాష కాజాలదు. తన కాలమున పుట్టిన జ్ఞానమును తన మాటలతో తప్పు లేకుండ చెప్పగలిగినప్పుడే అది విద్యాభాష యగును. అందుచేత ఈ వ్యాసమున మా ఉద్దేశములు రెండు. జీవకణములలోని ఎంజైములను చూచి నేర్చుకొని శాస్త్రజ్ఞులు నిర్మించుచున్న అతిసూక్ష్మ పదార్థములు ఒకానొక అణువును ఎట్లు గుర్తించుచున్నవి, ఎట్లు మార్చుచున్నవి అను విషయమును క్రమముగా వివరించుట మొదటిది. ఆ వివరణకు మనము వాడు తెలుగు పదములు అర్థమునకు ఎంతవరకు సరిపోవుచున్నవో పరిశీలించుట రెండవది. ఈ రెండును వేర్వేరు పనులు కావు. పదము దారి తప్పించినచో భావమును దారి తప్పును. ఈ విషయమున అట్టి ప్రమాదము ఎక్కువగా ఉన్నదని ముందు చూపగలము.

2. పదవిచారము

మొదట అణువు, పరమాణువు అను మాటలు. మన పాఠ్యగ్రంథములలో పరమాణువు మూలకము యొక్క కనిష్ఠ కణము. పరమాణువుల కూడికచే ఏర్పడునది అణువు. వైశేషికులు పరమాణువు, ద్వ్యణుకము, త్ర్యణుకము అని చెప్పిన క్రమమునకు ఈ విభాగము పూర్తిగా సమానము కాకపోయినను, దాని నీడ దీనిపై కలదు. కాని పత్రికలలో 'అణుబాంబు', 'అణుశక్తి' అను మాటలు పరమాణు కేంద్రమునకు సంబంధించిన వానికి రూఢమైనవి. ఈ వ్యాసములో అణువు అనగా పరమాణువుల కూడిక యనియే గ్రహింపవలెను.

'నానో' అనునది మరుగుజ్జు అను అర్థము గల గ్రీకు పదమునుండి వచ్చినది. ఒక మీటరులో 100 కోట్లవ వంతు ఒక నానోమీటరు. మనుష్యుని తలవెండ్రుక మందము ఇంచుమించు 80 వేలనుండి లక్ష నానోమీటర్ల వరకు ఉండును. రక్తములోని హీమోగ్లోబిన్ అణువు అడ్డకొలత సుమారు 5 నానోమీటర్లు. కావున జీవకణములోని పనిముట్లు స్వభావముచేతనే నానో పరిమాణము గలవి. మానవుడు ఆ పరిమాణమున పనిచేయ నేర్చుట ఇటీవలి సంగతి.

'ఉత్ప్రేరకము' అను మాటను కొంత జాగ్రత్తతో వాడవలసి యున్నది. 1835లో స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ఈ భావమునకు పెట్టిన గ్రీకు పేరులో విప్పుట, సడలించుట అను అర్థము కలదు. మన పదములోనిదో ప్రేరేపించుట. ఈ మాటను విన్న విద్యార్థి ఉత్ప్రేరకము చర్యను వెనుకనుండి త్రోయునని భావించును. అది సరి కాదు. జరుగజాలని చర్యను ఏ ఉత్ప్రేరకమును జరిపింపలేదు; చర్య తుదకు ఏ సమస్థితికి చేరవలెనో దానిని మార్పలేదు. ఎత్తైన కొండ నెక్కి దిగవలసిన బాటసారికి ఒక కనుమను చూపుట వంటిదే దాని పని. గమ్యము మారదు, ఎక్కవలసిన ఎత్తు తగ్గును. ఆ ఎత్తునే ఉత్తేజనశక్తి యందురు.

పాలు తోడుపెట్టుట ఉత్ప్రేరణమునకు ఉదాహరణముగా చెప్పుట కలదు. చేమిరిలో నున్నవి సజీవములైన సూక్ష్మజీవులు. అవి పాలలో పెరుగును. వానిలోని ఎంజైములే నిజమైన ఉత్ప్రేరకములు. చేమిరికిని ఎంజైముకును గల ఈ భేదము తెలియుటకు ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దమంతయు పట్టినది. 1897లో బుఖ్నర్ ఈస్టు కణములను నూరి పిండిన రసము, అందు జీవకణము లేకున్నను, చక్కెరను పులియజేయునని చూపిన పిదపనే అది స్థిరపడినది.

3. ప్రకృతి చూపిన మార్గము

జీవకణములో వేలకొలది రకముల అణువులు ఒకే నీటిలో కలసి యుండును. ఆ సమ్మర్దములో ఒక్కొక్క ఎంజైము తనకు కావలసిన అణువును మాత్రమే పట్టి, మార్చి, విడిచిపెట్టును. పట్టు దానిని గ్రాహకము అనియు, పట్టుబడు దానిని గ్రాహ్యము అనియు మేము వ్యవహరించుచున్నాము. పాఠ్యగ్రంథములలోని 'అధస్థ పదార్థము' ఆంగ్లపదమునకు ముక్కకు ముక్క అనువాదము. క్రింద ఉండునది అనుటచే పఠితకు ఏమియు బోధపడదు.

1926లో అమెరికాలో సమ్నర్ ఒక జాతి చిక్కుడు గింజలనుండి యూరియేజ్ అను ఎంజైమును స్ఫటికరూపమున వేరుచేసి, అది ప్రోటీను అని నిరూపించెను. ప్రోటీనునకు మనవారు పెట్టిన 'మాంసకృత్తు' అను పేరు ఆహారశాస్త్రమున చెల్లును గాని, గింజలోని ఉత్ప్రేరకమునకు ఆ పేరు పెట్టిన వింతగా తోచును. అందుచే ప్రోటీను అనియే వ్రాయుచున్నాము.

ఎంజైముల వేగమును ఊహించుట కష్టము. రక్తకణములలోని కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ అణువు ఒక్కటి సెకనునకు సుమారు 10 లక్షల బొగ్గుపులుసు వాయువు అణువులను నీటితో చేర్పగలదు. దాని క్రియాస్థానమున ఒక జింకు పరమాణువు మాత్రము కలదు. జన్యుపదార్థపు అక్షరముల తయారీలో ఒక మెట్టున ఒరొటిడిన్ మోనోఫాస్ఫేటు అను పదార్థమునుండి బొగ్గుపులుసు వాయువు విడిపోవలెను. ఎంజైము లేనిచో అట్టి పదార్థములో సగము మారుటకు సుమారు 7 కోట్ల 80 లక్షల సంవత్సరములు పట్టునని 1995లో రాడ్జిక, వుల్ఫెండెన్ అను శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఎంజైము ఆ పనిని ఒక సెకనులో పలుమార్లు చేయును.

ఈ శక్తికి మూలము గుర్తింపు. 1894లో జర్మనీ దేశపు ఎమిల్ ఫిషర్ దీనిని తాళము, తాళపుచెవి అను ఉపమానముతో చెప్పెను. ఆకారములు సరిపోయినగాని చర్య జరుగదని దాని భావము. 1930లో హాల్డేన్ (1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన శాస్త్రజ్ఞు డీతడే) ఆ ఉపమానమునకు ఒక సవరణ చూపెను: చెవి తాళములో పూర్తిగా అమరదు, తాళము చెవిని కొంత వంచుచున్నది. 1946, 1948 సంవత్సరములలో లైనస్ పౌలింగ్ ఈ భావమును స్పష్టము చేసెను. ఎంజైము గట్టిగా పట్టునది గ్రాహ్యము యొక్క మొదటి రూపమును కాదు. మారుచున్న నడిమి రూపమును. దీనినే పరివర్తనదశ యందురు. 1958లో కోష్లాండ్ మరియొక మెట్టు ఎక్కి, గ్రాహ్యము వచ్చి చేరినప్పుడు ఎంజైము కూడ తన ఆకృతిని సర్దుకొనునని ప్రతిపాదించెను. క్రొత్త చెప్పు పాదమున కనుగుణముగా సాగునట్లు ఈ సర్దుబాటు జరుగును.

పౌలింగ్ మాటలోని తర్కము మన విషయమునకు ప్రాణము. ఎంజైము గ్రాహ్యమును మొదటి రూపముననే మిక్కిలి గట్టిగా పట్టినచో ఆ అణువు లోతైన గోతిలో పడినట్లగును. కనుమ నెక్కుట మునుపటికన్న కష్టమగును. నడిమి రూపమును గట్టిగా పట్టినప్పుడే ఎత్తు తగ్గును. పట్టుటకు ఉపయోగపడు బలములు ఒక్కొక్కటి చిన్నవి: ఉదజని బంధములు, ధన ఋణ విద్యుదావేశముల ఆకర్షణ, నూనెవలె నీటిని తప్పించుకొను భాగములు ఒకటితో నొకటి చేరుట. ఇవి పది పదునైదు ఒకే చోట, తగిన దూరములలో, తగిన దిక్కులకు తిరిగి కూడినప్పుడు గుర్తింపు సిద్ధించును. నూలుపోగులు కలసి మోకు అయినట్లే ఇది.

మితిమీరిన పట్టు ఉత్ప్రేరణమునకు విరోధి యగుటకు తెలుగువాని పేరుతో ముడిపడిన నిదర్శన మొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లము సంశ్లేషింపబడినది. దానిని కొలదిగా మార్చి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను పదార్థములను అచ్చటనే తయారు చేసిరి. 1948లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో రక్తకాన్సరు గల శిశువులకు తాత్కాలికమైన ఉపశమనము కలుగునని ప్రకటించెను. జన్యుపదార్థ నిర్మాణమునకు అవసరమైన ఒక ఎంజైము మెథోట్రెక్సేట్‌ను ఫోలిక్ ఆమ్లముకన్న సుమారు వేయిరెట్లు గట్టిగా పట్టుకొనును, పట్టుకొని విడువదు, అందుచే దాని పని నిలిచిపోవును. ఈ రెండు అణువులు చూపునకు కవలలవలె నున్నను, మెథోట్రెక్సేట్ యొక్క శీర్షభాగము ఎంజైములో తలక్రిందుగా తిరిగి అమరినదని తరువాత స్ఫటిక పరిశోధనలలో తేలినది. ఆకారము మాత్రమే గుర్తింపునకు ఆధారము కాదనుటకు ఇంతకన్న మంచి దృష్టాంతము అరుదు. ఔషధమునకు గుణమైన ఈ వదలని పట్టే ఉత్ప్రేరకమునకు దోషము.

4. మానవ నిర్మాణములు

ప్రకృతి మార్గమును అనుసరించుటలో మొదటి పద్ధతి గుంట గల చిన్న అణువులను తయారుచేయుట. పిండిపదార్థమునుండి లభించు సైక్లోడెక్స్‌ట్రిన్లను 1891లో ఫ్రాన్సు దేశపు విలియర్స్ గుర్తించెను. ఆరు, ఏడు లేక ఎనిమిది గ్లూకోజు భాగములు చుట్టకుదురువలె కూడి యుండును. వెలుపలి వైపు నీటికి స్నేహితము. లోపలి వైపు అట్లు కాదు. అందుచే నీటిలో కరుగని చిన్న అణువు లోపల చేరి కూర్చుండును. 1967లో పెడర్సన్ ప్రకటించిన కిరీట ఈథర్లు పొటాసియము వంటి అయానులను కొలత చూచి పట్టుకొనును. ఈ మార్గమున కృషి చేసిన పెడర్సన్, క్రామ్, లెన్‌లకు 1987లో నోబెల్ బహుమానము లభించినది. సైక్లోడెక్స్‌ట్రిన్ అంచునకు ఎంజైములలోని చర్యాశీల భాగములను తగిలించి బ్రెస్లో కృత్రిమ ఎంజైములను నిర్మించెను.

రెండవ పద్ధతి అణుముద్రణము. దీనిని తెలిసికొనుటకు మన శిల్పుల పని చాలును. శిల్పశాస్త్రములు మధూచ్ఛిష్టవిధానమని పేర్కొన్న మార్గమున మైనముతో బొమ్మ చేసి, దానిపై మట్టి మెత్తి, కాల్చి, మైనమును కరిగించి వెడలించి, ఏర్పడిన బోలులో లోహమును పోయుదురు. ఆదిలాబాదు ప్రాంతపు ఓఝా శిల్పులు నేటికిని ఈ విధముననే లోహపు బొమ్మలు పోయుచున్నారు. అణుముద్రణములో మైనపు బొమ్మకు బదులు లక్ష్యమైన అణువు ఉండును. దాని చుట్టును, దానితో స్నేహము గల చిన్న అణువులను చేర్చి పాలిమరుగా గట్టిపరతురు. పిదప లక్ష్యాణువును కడిగివేయుదురు. మిగిలిన బోలులో దాని ఆకారము మాత్రమే గాక, ఉదజని బంధములకు, విద్యుదావేశములకు తగిన స్థానములు కూడ నిలిచియుండును. శిల్పి ఆ బోలును నింపును. రసాయనికుడు దానిని ఖాళీగానే ఉంచును. ఇదే భేదము.

ఈ పద్ధతి చరిత్రలో ఒక విశేషము కలదు. దేహములోని ప్రతిరక్షకములు వ్యాధికారక పదార్థము చుట్టును అచ్చువలె ముడుచుకొని ఏర్పడునని 1940లో పౌలింగ్ ఊహించెను. ఆ ఊహను అనుసరించి ఆయన శిష్యుడు డికీ 1949లో మిథైల్ ఆరెంజి వంటి రంగులు కలిపి సిలికా జిగురును తయారుచేసెను. ఏ రంగు సమక్షమున ఏర్పడిన జిగురు ఆ రంగునే అధికముగా పీల్చుకొనెను. ప్రతిరక్షకముల విషయమున ఆ ఊహ తప్పని తరువాత తేలినది. అవి అచ్చుపోసినవి కావు, ముందే ఉన్న అనేక రకములనుండి ఎంపికైనవి. అయినను ఊహనుండి పుట్టిన విధానము మాత్రము నిలిచినది. 1972లో జర్మనీలో వుల్ఫ్, సర్హాన్ సేంద్రియ పాలిమర్లలో దీనిని సాధించిరి. 1993లో స్వీడనులోని మోస్బాఖ్ బృందము థియోఫిలిన్ ముద్ర గల పాలిమరును తయారుచేసి, అది ప్రతిరక్షకములకు దీటుగా ఆ అణువును గుర్తించునని చూపినది. థియోఫిలిన్, కాఫీలోని కెఫీను అనువాని నడుమ భేదము ఒక్క మిథైల్ సమూహము. అంత స్వల్పభేదమును గూడ ఆ పాలిమరు గుర్తించినది. 2010లో హోషినో, షియా మున్నగువారు తేనెటీగ విషములోని మెలిటిన్ ముద్ర గల నానోకణములను చుంచెలుకల రక్తములో ప్రవేశపెట్టగా అవి ఆ విషమును పట్టి, ప్రాణరక్షణకు తోడ్పడినవి.

పౌలింగ్ తర్కముననుసరించి పరివర్తనదశను పోలిన అణువునకు ముద్ర వేసినచో ఉత్ప్రేరకము సిద్ధింపవలెను. 1969లో జెంక్స్ ప్రతిరక్షకముల విషయమున ఈ సూచన చేసెను. 1986లో లెర్నర్, షుల్జ్‌ల బృందములు వేర్వేరుగా దానిని నిజము చేసినవి. ఆ తర్కమునే పాలిమరు ముద్రణములోను ప్రయోగించుచున్నారు.

మూడవ పద్ధతిలో నానోకణమే ఎంజైమువలె ప్రవర్తించును. 2004లో ఇటలీ దేశపు పాస్క్వాతో, స్క్రిమిన్ మున్నగువారు బంగారు నానోకణములకు జింకును పట్టు అణువులను తొడిగి, వానికి 'నానోజైము' అను పేరు పెట్టిరి. 2007లో చైనా శాస్త్రజ్ఞులు, యాన్ షియున్ నేతృత్వమున, ఐరన్ ఆక్సైడు నానోకణములు ఏ తొడుగును లేకయే పెరాక్సిడేజ్ ఎంజైము పనిని చేయునని ప్రకటించిరి. అయస్కాంతశిలలోని పదార్థమే యిది. జడమని తలచిన పదార్థమున ఇట్టి గుణము కనబడుటచే ఈ శాఖ వేగముగా విస్తరించినది.

నాలుగవ పద్ధతి మాలికలను అల్లుట. ప్రోటీను అమైనో ఆమ్లముల మాలిక. దాని అల్లికలో కొలది మార్పు చేసి, పార్శ్వభాగములను నత్రజని పరమాణువునకు తగిలించినచో పెప్టాయిడ్లు అగును. జీర్ణరసములలోని ఎంజైములు వీనిని సులభముగా ఖండింపలేవు. 2010లో జుకర్‌మాన్ బృందము ఇట్టి మాలికలు నీటిలో తమంత తాము కూడి సుమారు 3 నానోమీటర్ల మందము గల రేకులుగా పరచుకొనునని చూపినది. ఇక ప్రోటీనులనే క్రొత్తగా రూపొందించుట మరియొక శాఖ. 2008లో డేవిడ్ బేకర్ మున్నగువారు ప్రకృతిలో ఎంజైము లేని ఒక చర్యకు గణకయంత్రముతో ఎంజైమును రూపొందించిరి. పిదప ప్రయోగశాలలో మార్పులు చేసి, మేలైన వానిని ఏరుచు పోగా దాని సామర్థ్యము 200 రెట్లకు పైగా పెరిగినది. ఇట్లు మార్చి ఏరు పద్ధతికి ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2018లోను, ప్రోటీనుల రూపకల్పనకు బేకర్ 2024లోను నోబెల్ బహుమానమున భాగము పొందిరి.

5. పరిమాణ ప్రభావము

ఈ పనులకు నానో పరిమాణమే ఎందుకు అను ప్రశ్నకు సమాధానము లెక్కలో కలదు. ఒక సెంటీమీటరు భుజము గల ఘనము యొక్క ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల భుజము గల చిన్న ఘనములుగా కోసినచో మొత్తము ఉపరితలము 600 చదరపు మీటర్లగును. అనగా వ్రేలికొనపై నిలుచు ముక్కలో సుమారు 15 సెంట్ల నేల దాగియున్నది. గుర్తింపు, ఉత్ప్రేరణము రెండును ఉపరితలముననే జరుగును. అంతేకాక కణము చిన్నదగుకొలది అంచులలో, మూలలలో ఉండు పరమాణువుల పాలు పెరుగును. ఇరుగుపొరుగు తక్కువైన ఆ పరమాణువులు ఇతరాణువులతో సులభముగా కలియును. ముద్రణ విషయమున మరియొక లాభము: పెద్ద పాలిమరు గడ్డలో లోతున చిక్కిన లక్ష్యాణువు బయటపడదు, నానోకణమున బోలులన్నియు పైపొరకు దగ్గరగా నుండును.

6. మిగిలియున్న చిక్కులు

నానోజైములకు పేరులో ఎంజైము పోలిక యున్నను, వానిలో పెక్కింటికి గుర్తింపు తక్కువ. పెరాక్సిడేజ్ పనిని చేయు ఐరన్ ఆక్సైడు తన చెంతకు వచ్చిన పలు పదార్థములను విచక్షణ లేక మార్చును. ఉత్ప్రేరణము కలదు గాని విచక్షణ లేదు. ముద్రిత పాలిమర్లలో దీనికి విపర్యాసము: విచక్షణ కలదు, వేగము చాలదు. 2017లో జువెన్ లియు బృందము ఐరన్ ఆక్సైడు నానోకణముపై అణుముద్ర గల పాలిమరు పొరను పెంచి, ఎంచుకొన్న గ్రాహ్యము విషయమున సుమారు నూరురెట్ల ప్రత్యేకతను సాధించినది. ఈ రెండు గుణములను ఒకచోట చేర్చుటయే నేటి పరిశోధనకు ముఖ్యలక్ష్యము.

రెండవ చిక్కు బోలుల అసమానత్వము. ఎంజైము అణువులన్నియు ఒకే మూసలోనివి. ముద్రిత పాలిమరులోని బోలులు కొన్ని చక్కగాను, కొన్ని వంకరగాను ఉండును. సగటు గుణము మాత్రమే మనకు కనబడును. మూడవది, పట్టుట వచ్చినను విడుచుట రాకపోవుట. ఫలిత పదార్థము బోలులోనే నిలిచినచో ఉత్ప్రేరకము ఒక్కసారికే మూతపడును. కోష్లాండ్ చెప్పిన సర్దుబాటు గట్టిపడిన పాలిమరునకు లేదు. మెత్తదనమునకును స్థిరత్వమునకును నడుమ ఎక్కడ నిలువవలెనో ప్రతి నిర్మాణమునకు వేరుగా నిర్ణయించుకొనవలసియే యున్నది.

7. ఉపసంహారము

ఇక మొదట ఎత్తుకొన్న పదముల మాట. ఈ భావమునకు 'అణుప్రత్యభిజ్ఞ' అను పేరు కొందరకు రుచింపవచ్చును. కాని దర్శనములలో ప్రత్యభిజ్ఞ యనగా మునుపు తెలిసిన దానిని ఇదియే అదియని మరల ఎరుగుట, ఎరుగువాడు చేతనుడు. అణువునకు స్మృతి లేదు, ఎరుక లేదు. 'గుర్తింపు' అను తెలుగు మాటకు మూలమైన గుర్తు అనునది వస్తువుపై నుండు చిహ్నము. రెండు వస్తువుల చిహ్నములు ఒకదానితో నొకటి సరిపడుట అను అర్థమునకు అది దగ్గరగా నున్నది. కావున మేము 'అణువుల గుర్తింపు' అను పేరునే గ్రహించితిమి. ఉత్ప్రేరకము అను మాట రూఢమైనందున దానిని మార్చుట అనవసరము. బోధకులు త్రోయుట అను భావమును వారించి, కనుమ చూపుట అను భావమును నెలకొల్పిన చాలును. తాళము, తాళపుచెవి అను ఉపమానమును మొదటి పాఠమునకు మాత్రమే వాడి, అచ్చటనే నిలిపివేయకుండుట మేలు. ఆ ఉపమానముతోనే తృప్తిపడిన విద్యార్థికి, మెథోట్రెక్సేట్ మందు ఎందుకైనదో, గట్టిగా పట్టు పాలిమరు మంచి ఉత్ప్రేరకము ఎందుకు కాలేదో ఎన్నటికిని బోధపడదు.

శాస్త్రవిషయమును తెలుగున వ్రాయునపుడు పదము దొరకుటతో పని ముగియదు. ఆ పదము పఠిత మనస్సున ఏ చిత్రమును గీయుచున్నదో చూడవలెను. ఆ పరీక్ష రసాయన శాస్త్రజ్ఞుడు ఒక్కడే చేయగలిగినది కాదు, భాషాధ్యాపకుడు ఒక్కడే చేయగలిగినది కాదు. ఒక్కొక్క పారిభాషిక పదమును ఇరువురును కలసి పరిశీలించు పద్ధతి మన విశ్వవిద్యాలయ శాఖలలో నెలకొనవలెను. పరిశోధక విద్యార్థులు అందుకు పూనుకొందురేని ఈ వ్యాసమునందలి పదములను మొదట పరీక్షకు పెట్టవలసినదిగా కోరుచున్నాము.